పగల్లేదు, రెండయింది

అదెల్మో సెరాంజెలి ముందు ఏ మాటైనా అనవచ్చు. ఆయన ముక్కు ముల్లంగి దుంపలా ఉందనవచ్చు. ఆయన ఓటేసిన పార్టీ మట్టికొట్టుకుపోయిందనవచ్చు. ఆయన కాచిన కాఫీ తాగి మనిషన్నవాడు బతకడనవచ్చు. ‘పగిలింది’ అని మాత్రం అనకూడదు.

నూట యాభై ఏళ్ళుగా చర్చిలకు రంగు గాజు కిటికీలు చేస్తున్న ఇల్లది. ఆయన ఆ ఇంట్లోనే పుట్టాడు. డెబ్బై రెండేళ్ళుగా గాజు మధ్యనే తిని, గాజు మధ్యనే పడుకుని లేస్తున్నాడు. అటువంటి మనిషికి ఆ మాట గిట్టకపోవడం ఏమిటో ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. గాజన్నాక పగలక ఏమవుతుంది? అదెల్మో ఇంట్లో పగలదు. రెండవుతుంది. గట్టిగా జారితే ఐదవుతుంది.

“బాబాయ్, నీలం పలక పడిపోయింది.”

“ఎన్నయింది?”

“ఏడు.”

“ఏడయితే మంచిదే. ఆకాశానికి వాడుకోవచ్చు.”

ఆయనకూ, ఆయన అన్న కూతురు ఒర్నెల్లాకూ మధ్య రోజూ నడిచే మాటలివి. ఒర్నెల్లాకు నలభై ఆరేళ్ళు. ఇప్పుడా ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఆరేళ్ళ కిందట అదెల్మో భార్య ఆర్జియా పోయినప్పుడు, పరామర్శకు వచ్చినవాళ్ళు “ఎలా ఉన్నావయ్యా?” అంటే, “ఒకటయ్యాను,” అన్నాడు. వచ్చినవాళ్ళు ఏడవాలో వద్దో తేల్చుకోలేక, టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ఇల్లే కార్ఖానా, ఆ ఇల్లే మ్యూజియం. చూపించేవి ఐదు గదులు. మొదటిది ఒకప్పటి గుర్రాల సావిడి, ఇప్పుడు గాజు పలకల పెట్టెలు పేర్చి ఉంటాయి. రెండోదాంట్లో కిటికీలంత పెద్ద కాగితాల మీద గీసిన బొమ్మలు. మూడోదాంట్లో గాజు కోసే బల్లలు, ముక్కలను కలిపే సీసపు పట్టీలు. నాలుగోదాంట్లో రంగు కాల్చే బట్టీ. ఐదోది చీకటి గది. దానికి ఒకే కిటికీ. చూడవచ్చినవాళ్ళను అదెల్మో స్వయంగా తిప్పుతాడు. మధ్యలో ఎవరైనా ఆ మాట అన్నారంటే, ఎక్కడున్నా ఆగిపోయి, చెయ్యెత్తి, “మొదటి గది,” అంటాడు. అందరూ వెనక్కి నడవాలి. కథంతా మళ్ళీ మొదటి నుంచి వినాలి. మొదటి గదిలో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే.

“ఈ గదిలో పూర్వం గుర్రాలుండేవి. అవి మీకంటే బుద్ధిగా నిలబడేవి.”

ఒకసారి బొలోన్యా నుంచి రిటైరైన టీచర్లు పధ్నాలుగు మంది వచ్చారు. పొద్దున కాఫీ తాగి లోపలికి వెళ్ళినవాళ్ళు వీధి దీపాలు వెలిగాక బయటపడ్డారు. వాళ్ళలో ఇద్దరు ముసలమ్మలు నాలుగో గది గడప తొక్కనే లేదు. ఆ ఇంటి చరిత్రలో నలభై నిమిషాల్లో చూసి బయటికి వచ్చింది ఒక్క డచ్చి దంపతులే. వాళ్ళకు భాష రాదు.

ఎదురుగా కాఫీ బార్ నడిపే లిబెరోకు ఇదంతా లాభసాటి వ్యవహారం. బస్సు ఆగి జనం ఆ ఇంట్లోకి వెళ్ళడం కనబడగానే, వంటింట్లోకి తల పెట్టి, “చిరుధాన్యం సూపు పెట్టు. ఆకలితో చచ్చి వస్తారు,” అని పెళ్ళానికి చెప్పేవాడు.

ఒర్నెల్లాకు చిన్నప్పటి సంగతుల్లో మొట్టమొదట గుర్తున్న నవ్వు కూడా ఈ నియమం వల్లే. ఊరి ఫాదర్ దోన్ ఎజీదియో ఆ ఇంట్లో భోజనానికి కూర్చుని, ఏదో మాటల్లో ఆ మాట అనేశాడు. అదెల్మో లేచి నిలబడి, “మొదటి గది, ఫాదర్,” అన్నాడు. నూటపది కిలోల దోన్ ఎజీదియో, మెడలో తువ్వాలుతో, చేతిలో సూపు చెంచాతో, గుర్రాల సావిడి దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. అది చూసి చిన్న ఒర్నెల్లా కుర్చీలోంచి జారిపడేదాకా నవ్వింది. ఎందుకో ఆ ముందురోజులేవీ ఆమెకు సరిగ్గా గుర్తులేవు. ఆ చెంచా మాత్రం గుర్తుంది.

ఆ ఇంట్లో పనివాళ్ళకు ఒక వరస ఉండేది. కొత్తవాడు సీసం సాగదీస్తాడు. తరవాత గాజు కోస్తాడు. ఆ పైన అంచులు, బట్టల మడతలు గీస్తాడు. అందరికంటే పైన ముఖాలు గీసేవాడు. గాజుపొడి, ఇనుపపొడి, వెనిగర్ కలిపి నూరిన నల్లరంగుతో, మూడు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి గీయాలి. అదెల్మో కుర్రతనంలో ముఖాలు గీసేవాడని పాతవాళ్ళు చెబుతారు. ఏమైందో, ముప్ఫై రెండో ఏట ఆయన తండ్రి గౌదెన్జియో ఆ కుంచె లాగేసుకుని, మడతలకు దించేశాడు. అప్పటి నుంచి అదెల్మో చేతిమీదుగా పోయినవన్నీ అంగీల అంచులు, మేఘాలు, కాలివేళ్ళు. కుంచె చివరికి ఒర్నెల్లాకు వచ్చింది. తాత ఆమెకు పదిహేనేళ్ళప్పుడు స్వయంగా చేతికిచ్చాడు.

“ఏమోయ్ మడతల మేస్త్రీ,” అనేవాడు లిబెరో, ఎదుటి అరుగు మీంచి. “ఇవాళ ఎవరి పాదాలు?”

“సెయింట్ రోక్‌వి.”

“చెప్పులున్నాయా?”

“ఒకటే ఉంది. రెండోది నువ్వు కొట్టేశావటగా.”

ముఖాలెందుకు గీయవని ఎవరడిగినా అదెల్మో జవాబు ఒకటే. “ముఖాలు నాకు పడవు. తిరిగి చూస్తాయి.”

ఐదో గదిలో ఉండేది ఒక్క ముఖమే. దేవదూత ముఖం. భార్య ఇర్మా పోయిన ఏడాది, అంటే పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, గౌదెన్జియో ఆమె ముఖాన్నే గీసి, కాల్చి, ఎవరికీ అమ్మనని దాచుకున్నాడు. అంత చక్కటి ముఖం మీద, కనుబొమ నుంచి గడ్డం దాకా, వంకరగా ఒక సీసపు పట్టీ. ఉండకూడని చోట పట్టీ పడిందంటే అక్కడ గాజు రెండయిందనీ, సీసంతో కలిపి టంకం పెట్టారనీ అర్థం. నవ్వుతున్న మనిషి చెంప మీద కత్తిగాటులా ఉంటుంది.

నాలుగు గదులు నోరు కట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఐదో గదిలో దొరికిపోతారు. “అయ్యో, ఇదెలా పగిలింది?” అంటారు. మొదటి గది. బుద్ధి వచ్చి రెండోసారి “ఇదెలా రెండయింది?” అన్నవాళ్ళకు జవాబు దొరుకుతుంది. ఆ జవాబు ఏరోజుకారోజు వేరు. ఒకరోజు వడగళ్ళు. ఒకరోజు కిటికీలోంచి దూసుకొచ్చిన పిచ్చుక. ఒకరోజు యుద్ధంలో పడిన బాంబు. ఒకరోజు చర్చిలో పాడడానికి వచ్చిన లావుపాటి గాయని తీసిన పై స్థాయి.

ఆ కథ మొదలయ్యేసరికి ఒర్నెల్లాకు ఎప్పుడూ పక్క గదిలో ఏదో పని తగులుతుంది. ఎందుకంటే, దాన్ని రెండు చేసింది ఒర్నెల్లా.

ఆరేళ్ళ వయసు. సెయింట్ జోసెఫ్ పండగ. ఇంట్లో అన్నంతో తీపి బూరెలు వండారు. నానమ్మ ముఖం దగ్గరగా చూద్దామని పంచదార చేతులతో వెళ్ళి, అరలోంచి తీసింది. జారింది. బల్ల అంచు తగిలింది. రెండు ముక్కలూ పక్కపక్కన ఆనించి, ఉన్నచోటే పెట్టేసి, వచ్చేసింది. మర్నాడు తాత అరుపు మొదలైంది. ఎవరు పగలగొట్టారు, ఎవరు పగలగొట్టారు. ఆమె చెప్పలేదు. తరవాత చెబుదామనుకుంది. తాత పోయాడు, అమ్మానాన్నలు పోయారు, పిన్ని పోయింది. నలభై ఏళ్ళు గడిచాయి. ఈ సంగతి లోకంలో తనొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం.

కిందటి అక్టోబర్‌లో భూకంపం వచ్చింది.

ఊరు సగం మిగిలింది. మిగిలిన సగానికి ఇనుప పట్టీలు, దుంగలు, ఆసరాలు. గంటల గోపురానికి బెల్టులు బిగించి గంట మోగకూడదన్నారు. బడి రేకు డబ్బా లాంటి గదిలోకి మారింది, లిబెరో బార్ కూడా. స్మశానంలో శవపెట్టెలుంచే గోడ అరల పలకలు ఊడిపోయి, చచ్చినవాళ్ళు కూడా మళ్ళీ రోడ్డున పడ్డారు. ఊళ్ళోవాళ్ళందరూ ఎవరి పెట్టెలు వాళ్ళు గుర్తుపట్టడానికి వరసలో నిలబడ్డారు. అదెల్మో చూసి వచ్చి, “ఆర్జియా బాగానే ఉంది. పలక మూడయింది,” అన్నాడు.

చర్చిలో ఆ కుటుంబం నాలుగు తరాలుగా చేసిన కిటికీలన్నీ నేల మీదికి వచ్చేశాయి. అదెల్మో, ఒర్నెల్లా పళ్ళ బుట్టల్లో ఏరుకుని తెచ్చుకున్నారు. పంతొమ్మిది బుట్టలు వంటింట్లో చేరాయి. చలికాలమంతా అదెల్మో భోజనాల బల్ల మీదే ముక్కలు పేర్చుకుంటూ కూర్చున్నాడు.

“ఎన్నయిందేమిటి బాబాయ్, మొత్తం?”

“నాలుగు వేలు దాటింది. లెక్క ఆపేశాను. ఆ పప్పు గిన్నె ఇటు జరుపు. నీ చెంచా కింద సెయింట్ లూసియా చెవి ఉంది.”

చెవి దొరికింది, చేతులు దొరికాయి, పది కాలివేళ్ళూ దొరికాయి. లూసియా ముఖం మాత్రం దొరకలేదు. పొడైపోయింది. అది మళ్ళీ గీయాలి.

ఇంటి గోడ మీద కూడా నేల నుంచి కప్పు దాకా ఒక గీత. అదెల్మో దాన్ని, “రెండవుదామా వద్దా అని ఆలోచిస్తోంది,” అనేవాడు. ఇంజనీరు వచ్చి, కాగితం చూసి చదువుతూ, “గోడలు పగిలాయా?” అన్నాడు. అప్పుడతను మూడో గదిలో ఉన్నాడు. అలా ఐదుసార్లయ్యాక, ఇల్లు ఉండదగ్గదో కాదో చెప్పే కాగితం ఏ రంగుది అంటించాలో తేల్చకుండానే వెళ్ళిపోయాడు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. పాతకాలపు వస్తువులను కాపాడే ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చి చూస్తుంది. నమ్మదగిన మ్యూజియం అని ఆమె రాస్తే సామాను అక్కడే ఉంటుంది. సామాను ఉన్న ఇళ్ళకు ముందుగా ఆసరా కడతారు. ఆమె అలా రాయకపోతే ఆ వారమే, గురువారం లారీ వస్తుంది. నాలుగు వందల పదమూడు వస్తువులూ మైదానంలో ఉన్న గోడౌనుకు పోతాయి. ఖాళీ ఇంటికి ఆసరా ఎవరూ కట్టరు. ఆసరా లేకుండా ఆ గోడ ఇంకొక చలికాలం నిలబడదు.

“బాబాయ్,” అంది ఒర్నెల్లా, “ఆవిడ వచ్చినప్పుడు ఒక్కరోజు ఆ నియమం ఆపు. నీకు దణ్ణం పెడతాను.”

“ఆవిడ ఆ మాట అనకపోతే నేనేమైనా అంటానా?”

“ఆవిడ ఉద్యోగమే ఆ మాట బాబాయ్.”

ఫిబ్రవరిలో మంగళవారం, వీధి చివర కనబడనంత మంచులో, క్వింతవాల్లె అనే ఆ అధికారిణి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఉన్ని టోపీ, ఆగని దగ్గు, చంకలో లావుపాటి ఫైలు. లిబెరో రేకు డబ్బాలోంచి చూసి, ఒర్నెల్లాకు వినబడేలా, “అమ్మాయ్, సూపు పెట్టించమంటావా?” అన్నాడు. ఒర్నెల్లా చూసిన చూపుకు తలుపు వేసుకున్నాడు.

“ఈ గదిలో పూర్వం గుర్రాలుండేవి,” అని అదెల్మో మొదలుపెట్టాడు.

“ఈ శీతాకాలం అరవై మూడు చర్చిలు ఖాళీ చేయించానండీ,” అంది క్వింతవాల్లె, గోడకు ఆనుకుని. “గుర్రాలున్న చోటుకు రావడం ఇదే మొదలు.”

రెండో గదిలో ఆమె ఫైలు తెరిచింది. “మొదటి ప్రశ్న. ఇక్కడ పగిలినవి ఎన్ని?”

చెయ్యి లేచింది. “మొదటి గది.”

ఒర్నెల్లా కళ్ళు మూసుకుంది. క్వింతవాల్లె ఒర్నెల్లాను చూసింది, అదెల్మోను చూసింది, దగ్గింది, వెనక్కి నడిచింది. గుర్రాల గురించి మళ్ళీ విన్నది. రెండోసారి నాలుగో గదిలో, బట్టీ ఇటుకలు చూసి, “ఇవి భూకంపంలో పగి...” అని, సగంలో నోరు మూసుకుంది. అదెల్మో చెయ్యి సగం లేచి, కాస్త ఆలోచించి, దిగింది. అప్పటి నుంచి ఆమె ఫారంలో ఆ మాట వచ్చిన గడిని వేలితో చూపించి, కనుబొమలెగరేసి అడగడం నేర్చుకుంది. “అవి మూడయ్యాయి,” అనేవాడాయన. ఆమె రాసుకునేది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఐదో గదికి చేరారు.

దేవదూత ముఖం ముందు ఆమె చాలాసేపు నిలబడింది. తరవాత సీసపు పట్టీ మీదికి వేలు చాపింది.

“పిచ్చుక,” అన్నాడు అదెల్మో.

“కూర్చోండి అదెల్మో గారూ,” అంది క్వింతవాల్లె. ఆమె కూడా ఒక పెట్టె మీద కూర్చుని, ఫైలులోంచి మూడు కాగితాలు తీసింది. “పన్నెండేళ్ళ కిందట మా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకు మీరు వడగళ్ళని చెప్పారు. ఎనిమిదేళ్ళ కిందట ఇంకొకావిడ వచ్చింది. ఆవిడకు గాయని అని చెప్పారు. మూడేళ్ళ కిందట వచ్చినాయనకు నలభై నాలుగులో పడిన బాంబు అన్నారు.”

“అవునండి. బాంబు.”

“ముఖం గీసింది డెబ్బై నాలుగులో.”

అదెల్మో ఆలోచించాడు. “ఆలస్యంగా పేలింది.”

క్వింతవాల్లె నవ్వలేదు. “నవంబర్‌లో మీ కార్ఖానా రోజువారీ లెక్కల పుస్తకాలన్నీ మా దగ్గరికి తెచ్చి దాచాం కదా. మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఈ మాట అనకూడదనే నియమం ఎప్పటిదన్నారు?”

“మా ముత్తాతది. పద్ధెనిమిది వందల అరవై ఒకటి.”

“మీ ముత్తాతగారు రాసిన మొదటి పేజీలోనే ఆ మాట పదకొండుసార్లుంది. పన్నెండోసారి దానికి ముందొక బూతు కూడా ఉంది. మీ తాతగారు వారానికి నాలుగుసార్లు రాసేవారు. మీ నాన్నగారు ఇంకా ఎక్కువ. ఆఖరుసారి రాసింది డెబ్బై ఏడు మార్చి ఇరవైన. ‘ఇర్మా ముఖం పోయింది’ అని రాసి, కింద ఆ మాట. ‘ఎవరో చెప్పడం లేదు’ అని కూడా రాశారు. వారం తిరిగేసరికి పుస్తకంలో చేతిరాత మారింది. మీదే అనుకుంటాను. ‘ఒక పసుపు పలక రెండయింది.’ అక్కడి నుంచి నలభై ఏళ్ళు ఆ మాట ఒక్కసారి కూడా లేదు.”

మార్చి ఇరవై. సెయింట్ జోసెఫ్ పండగ మార్చి పంతొమ్మిది. ఒర్నెల్లా తలుపు చెక్క పట్టుకుంది. పక్క గదిలో పనేదీ గుర్తు రాలేదు.

“నన్ను కోప్పడకండి,” అంది క్వింతవాల్లె. “ఈ ఒక్క వస్తువు గురించి ఈ ఇల్లు ఆఫీసుకు అబద్ధం చెబుతోంది. ఒకటి అబద్ధమయితే మిగిలిన నాలుగు వందల పన్నెండూ నిజమని నేనెలా సంతకం పెట్టను? లారీని వద్దనడానికి నాకు ఒక్క నిజం కావాలి.”

“సరే, రాసుకోండి,” అన్నాడు అదెల్మో, నేల వైపు చూస్తూ. “నేనే. నా చేతిలోంచి జారింది. అందుకే మా నాన్న నన్ను మడతలకు దించాడు. ఊళ్ళో ఎవరినైనా అడగండి.”

“ఇది ఐదో కథ,” అంది క్వింతవాల్లె.

“నేను పగలగొట్టాను,” అంది ఒర్నెల్లా.

ఆ గదిలో ఆ మాట తరవాత ‘మొదటి గది’ వినబడకపోవడం అదే మొదటిసారి. అదెల్మో చెయ్యి కొంచెం లేచి, మోకాలి మీదికి దిగిపోయింది.

“పండగనాడు. ఆరేళ్ళప్పుడు. నేను పగలగొట్టి అరలో పెట్టేశాను బాబాయ్.”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“ఆ సాయంత్రం నుంచే. గాజు గడ్డం మీద నూనె. నూనె మీద పంచదార. ఇంతే బొటనవేలు ముద్ర.” అదెల్మో తన చిటికెన వేలి గోరు చూపించాడు. “మా నాన్న బొటనవేలు అంత చిన్నది కాదు.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు చెప్పలేదుగా.”

ఒర్నెల్లా తలుపు వదిలి ఆయన ఎదుటికి వచ్చింది. “నువ్వని చెప్పుకున్నావా తాతయ్యకు? అందుకా ఆయన నీ చేతిలోంచి కుంచె లాక్కున్నది? ఆ కుంచేనా నాకిచ్చింది?”

“ముఖాలు నాకు పడవని చెప్పానా లేదా.”

“బాబాయ్.”

“కాలివేళ్ళు నయం. ఏదీ అడగవు.”

క్వింతవాల్లె దగ్గు ఆపుకుంటూ, “మరి ఆ మాట సంగతేమిటండీ?” అంది మెల్లగా.

అదెల్మో టోపీ తీసి, లోపల ఏదో పోయినట్టు వెతికి, మళ్ళీ పెట్టుకున్నాడు. “మా నాన్న ఇల్లంతా తిరుగుతూ అదే మాట అరిచేవాడు. అది వినబడితే చాలు, ఇది బల్ల కింద దూరేది. వారం రోజులు అన్నం ముట్టలేదు. నేనేనని ఒప్పుకుంటే మా నాన్న అరుపు ఆగింది కానీ, గాజు ఇంట్లో ఆ మాట ఆగుతుందా? ఒకడు కాకపోతే ఒకడు అంటాడు. పిల్ల భయపడుతోంది, అనకండి అంటే, ఎందుకు భయపడుతోందని అడుగుతారు. నాకు పిచ్చి పట్టిందంటే ఎవరూ ఏమీ అడగరు.”

“దోన్ ఎజీదియో,” అంది ఒర్నెల్లా.

“ఆ. ఆ మహానుభావుడు చెంచా పట్టుకుని నడుస్తుంటే నవ్వావు. రెండు గిన్నెల సూపు తాగావు. ఇక దాన్నే పట్టుకున్నాను. మానేస్తే నువ్వు మళ్ళీ తిండి మానేస్తావేమోనని.”

“నలభై ఏళ్ళా?”

“ఎప్పుడు మానాలో ఎవరూ చెప్పలేదు,” అన్నాడు అదెల్మో.

క్వింతవాల్లె ఫారం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పైకే చదివింది. “తేదీ, మార్చి పంతొమ్మిది, డెబ్బై ఏడు. కారణం, తీపి బూరెలు. ఇప్పటి స్థితి...” అక్కడ అచ్చు వేసి ఉన్న మాట మీద అడ్డంగా గీత కొట్టింది. “రెండయింది. ఇలాగే రాయనా?”

“అలాగే రాయండి.”

“నిజం ఒకటి దొరికింది. ఆసరా కాగితం మీద రేపే సంతకం పెడతాను. కానీ అదెల్మో గారూ, లారీ సంగతి నా ఒక్కదాని చేతిలో లేదు. ఉత్తరంలో రాయలేదు గానీ, నా పైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. లారీ ఆయన మాట వింటుంది.” ఫారం తిప్పి అడుగున ఉన్న చిన్నక్షరాలు చూపించింది. “ఇక్కడేం రాసి ఉందంటే, పరిశీలన పూర్తయ్యాకే సామాను కదపాలి. ఇందాక ఈ గదిలో ఒక మాట వినబడింది. రెండుసార్లు.”

“వదిలేయండి మేడమ్. ఇంకెందుకది?”

“నియమం నియమమే కదా. మొదటి గదికి వెళ్ళాలి. చూస్తే చీకటి పడుతోంది. ఇవాళ పూర్తవదు.” ఆమె లేచి కోటు దులుపుకుంది. “వచ్చే నెల మళ్ళీ వస్తాను. నాకసలే నోరు జారే అలవాటు. గోడకు ఆసరా కట్టేలోపు పరిశీలన పూర్తవుతుందని నేను హామీ ఇవ్వలేను.”

ఆమే ముందు నడిచింది. అదెల్మో అక్కడే నిలబడిపోతే ఒర్నెల్లా చెయ్యి పట్టుకుని నడిపించింది. వంటింటి తలుపు దగ్గర, బుట్టల ముందు ఆగింది.

“లూసియా ముఖం నువ్వు గీస్తున్నావు.”

“నాకు వచ్చేది కాలివేళ్ళు. ముఖం బొటనవేలిలా వస్తుంది.”

“రానీ. తిరిగి చూడకుండా ఉంటుంది.”

మొదటి గదిలోకి అప్పుడే లిబెరో వచ్చాడు. కబురేమిటో తెలుసుకోకుండా ఉండలేక, చేతిలో కాఫీ పళ్ళెం సాకుగా పట్టుకొచ్చాడు. ముగ్గురి ముఖాలూ చూశాడు. ఒర్నెల్లా కళ్ళు తడిగా కనబడేసరికి పళ్ళెం ఒరిగింది. ఒక కప్పు జారి రాతి నేల మీద పడింది.

“అయ్యో, పగిలింది,” అన్నాడు లిబెరో.

అందరూ అదెల్మో వైపు చూశారు. చెయ్యి దానంతటదే లేచింది. నోరు తెరిచి, ఎక్కడున్నాడో చూసుకుని, ఆగిపోయాడు. ఇంతకంటే వెనక్కి పంపడానికి గది లేదు. ఆయన నేల మీది ముక్కలను లెక్కపెట్టాడు. తరవాత ఒర్నెల్లా వైపు చూశాడు.

“మానేయనా?” అన్నాడు.

ఒర్నెల్లా మూతి బిగించి, తల అడ్డంగా ఊపింది.

“అయితే వీధిలోంచి రండి,” అన్నాడు అదెల్మో.

కాఫీ పళ్ళెం పట్టుకుని లిబెరో, ఫైలు పట్టుకుని క్వింతవాల్లె, కొంగలా కాలెత్తి కప్పు ముక్కలు దాటుతూ ఒర్నెల్లా, వాళ్ళ వెనక తనే తలుపు తీసి పట్టుకుని అదెల్మో, నలుగురూ మంచులోకి వెళ్ళారు. పక్కింటి దుంగల ఆసరాల కింద ఒక నిమిషం వణుకుతూ నిలబడ్డారు. ఎదురుగా ఒక్క ఇంట్లో కూడా దీపం లేదు. ఆ నిశ్శబ్దంలో ఒర్నెల్లా నవ్వు మొదలుపెట్టింది. దోన్ ఎజీదియోను చూసి నవ్విన నవ్వే అది. దగ్గు అడ్డొస్తున్నా క్వింతవాల్లె కూడా కలిసింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా లిబెరో వెనకబడలేదు.

తరవాత కాళ్ళు తుడుచుకుని, వరసగా లోపలికి వచ్చి, గోడ వారగా నిలబడ్డారు.

“ఈ గదిలో పూర్వం గుర్రాలుండేవి,” అన్నాడు అదెల్మో. గొంతు సరిచేసుకున్నాడు. “అవి మీకంటే బుద్ధిగా నిలబడేవి.”